గాజు ఇంట్లో మంచు

మార్చి 20 దాటితే అమెరికా క్యాలెండర్‌లో వసంతం వచ్చేసినట్టే. ఆ సంగతి షికాగోకి మాత్రం ఎవరూ చెప్పరు. బయట మైనస్ 3. ఉగాది దగ్గర పడుతోంది, మామిడాకు మాట దేవుడెరుగు, ఏ చెట్టుకీ ఆకన్నదే లేదని అమ్మ బెంగ. కాస్త పచ్చదనం చూపిద్దామని అందరినీ గార్‌ఫీల్డ్ పార్క్ కన్సర్వేటరీకి, అంటే చలికాలంలోనూ మొక్కల్ని వెచ్చగా పెంచే పెద్ద గాజు ఇంటికి, బయల్దేరదీశాను.

ముస్తాబుకే గంట పట్టింది. నాన్న బనియన్ మీద థర్మల్, ఆపైన చొక్కా, స్వెటర్, నా పాత జాకెట్, అన్నిటికీ మించి తెనాలి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్. అమ్మ చీర మీద స్వెటర్, దాని మీద మా ఆవిడ ఓవర్‌కోటు, దాని మీద శాలువా.

దూరం నుంచి ఆ గాజు కప్పులు చూసి నాన్న "ఏంట్రా ఇవి, గడ్డివాముల్లా ఉన్నాయి?" అన్నారు. ఆ ఒక్క మాటకి దండ వెయ్యచ్చు. 1908లో తెరిచిన ఈ కట్టడానికి రూపకర్త జెన్స్ జెన్సెన్. ఇక్కడి పొలాల్లో గడ్డివాములు చూసే ఆయన దీనికి ఆ ఆకారం ఇచ్చాడు. నాకు చదివితే తెలిసింది, తెనాలి రైతుకి కారు దిగకముందే తెలిసిపోయింది.

లోపల అడుగు పెట్టారో లేదో, నాన్న గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఒరేయ్, శుక్లాలు తీయించుకున్న కన్ను కూడా పోయిందిరా!"

చల్లబడ్డ కళ్ళద్దాలకి వెచ్చటి తేమగాలి తగిలి ఆవిరి పట్టిందని, అద్దం వేడెక్కితే అదే పోతుందని చెప్పాను. వింటేగా! మంకీ క్యాప్‌తో తుడవడం, పెట్టుకోవడం, "మళ్ళీ పోయింది" అనడం.

ఇక తాటిజాతి చెట్ల హాల్లోకి వచ్చేసరికి చెమటలు. "ఇది కాస్త పట్టుకోరా" అని మొదలై శాలువా, కోటు, స్వెటర్లు, జాకెట్టు అన్నీ నా మీదకి చేరాయి. నా ముక్కు ఒక్కటే బయట. ఎవరో ఒకావిడ నవ్వుతూ తన కోటు కూడా నాకు అందించబోయింది.

ఫెర్న్‌ల గదిలో రాళ్ళ మీంచి నీళ్ళు జాలువారుతుంటాయి. ఆ చప్పుడు సన్నగా, గలగలమని వినిపించే దాకా జెన్సెన్ మేస్త్రీ చేత ఆ రాళ్ళు మళ్ళీ మళ్ళీ తీయించి కట్టించాడని చెబుతారు. నాన్న కళ్ళజోడు చేతిలో పట్టుకుని, చెవి రిక్కించి, "ఎవరో కుళాయి కట్టడం మర్చిపోయార్రా, వెళ్ళి చెప్పు" అన్నారు.

అమ్మ ఈలోగా అరటిచెట్టు దగ్గర తేలింది. "పిలకలు తీయకపోతే గెలేం వేస్తుంది?" అని తోటమాలిని తెలుగులోనే తిట్టి, చిన్న ఆకొకటి కోస్తే భోజనానికి పనికొస్తుందని చెయ్యి చాపింది. "అత్తయ్యా, కెమెరాలుంటాయి" అంటూ మా ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, ఫోటో పేరుతో పక్కకి లాక్కొచ్చి, ఇద్దరినీ నిలబెట్టి ఫోన్ తీసింది. అదీ చల్లటి కారులో మర్చిపోతే అప్పుడే వెళ్ళి తెచ్చుకున్నదే. దాని లెన్స్‌కీ ఆవిరి పట్టిందని ఎవరం చూడలేదు.

ఆ ఫోటోలు నాన్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. తెల్లారేసరికి తెనాలి నుంచి పిన్ని వాయిస్ మెసేజ్: "అంత మంచు కురుస్తుంటే అక్కని ఒట్టి చీరతో నిలబెట్టారేంట్రా? పక్కనే కోట్లన్నీ కుప్ప పోసున్నాయి కదా, అందులోంచి ఒకటి తీసి కప్పచ్చుగా?"

ఆ కుప్ప నేనే.