రాజుగారి సంబంధం: ఒక విచారణ

మా తమ్ముడి కూతురు ఇప్పటికి పదకొండు సంబంధాలు కాదంది. బెంగళూరు కుర్రాడు నవ్వితే బాగోడట, వైజాగు కుర్రాడు అసలు నవ్వడే నవ్వడట. తప్పు కుర్రాళ్ళది కాదని ఆలస్యంగా తెలిసింది. పిల్ల ఫోన్లో ఏదో నవల చదువుతోంది. అందులో ఈ కాలపు అమ్మాయి పాత అద్దం మీద చెయ్యి వేసి రెండు వందల ఏళ్ళు వెనక్కి పడిపోతుంది. పడ్డం పడ్డం ఓ దొరగారి గుర్రం ముందే పడుతుంది. పశువుల శాలలోనో, వడ్లు దంచే చోటో పడ్డ అమ్మాయి ఈ కథల్లో నాకెక్కడా తగల్లేదు. "అలాంటివాడుంటే చెప్పు పెదనాన్నా, ఆలోచిస్తాను" అంది.

పిల్ల నోరు తెరిచి అడిగాక విచారించకపోతే ఇక పెద్దరికం ఎందుకు? విజయనగరంలో పుట్టినవాణ్ణి, రాజుల సంబంధానికి ఊరు దాటాల్సిన పని లేదు. మన కోటకి 1713లో, విజయ నామ సంవత్సరం, విజయదశమి, మంగళవారం చూసి ముగ్గు పోశారని చెబుతారు. ముహూర్తాల పట్టింపున్న ఇల్లు. బాగుంది.

మొదట 1757 చూశాను. పెద్ద విజయరామరాజు గారు. హోదాకి లోటు లేదు, ఫ్రెంచి బుస్సీ దొరతో చెలిమి. కానీ జనవరి 24న బొబ్బిలి మీద యుద్ధం, ఆ తర్వాత కొద్ది రాత్రులకే గుడారంలో తాండ్ర పాపారాయుడి చేతిలో చావు. అది సరే, అంతకంటే పెద్ద చిక్కు ఆడపడుచు. యుద్ధం వద్దని అన్నగారిని వారించిన చెల్లెలే పైడితల్లి అమ్మవారని ఊరి నమ్మకం. దసరా వెళ్ళిన మంగళవారం ఆ తల్లి జాతరలో సిరిమాను కదిలితే రోడ్డు మీద ఇసకేస్తే రాలదు. రేపు వదినా ఆడపడుచులకి మాటా మాటా వస్తే, మన పక్షాన మాట్లాడ్డానికి ఈ జిల్లాలో ఒక్కడు దొరుకుతాడా?

తర్వాత 1794. చిన విజయరామరాజు గారు. ఉన్నమాట చెప్పొద్దూ, మనిషి నాకు నచ్చాడు. పేష్కష్ అనే కప్పం బకాయి తీర్చమని ఈస్టిండియా కంపెనీ మెడ మీద కూచుంది, ఊరొదిలి మచిలీపట్నం పొమ్మంది. పోనన్నాడు. పద్మనాభం దగ్గర నిలబడి జులై 10న ప్రాణం ఇచ్చాడు. ఏం చేస్తాం, పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గరున్న కాగితంలో పౌరుషానికి గడి లేదు, అప్పులకి ఉంది. వాయిదాల కోసం ఫిరంగులతో వచ్చే ఇంటికి పిల్లనెలా ఇస్తాం? పైగా సతి మీద నిషేధం మన మద్రాసు వైపు 1830లో గాని రాలేదు. ముప్పై ఆరేళ్ళు ఓపిక పట్టమని పిల్లకి నచ్చచెప్పడం నా వల్ల కాదు.

చివరికి ఆనందగజపతి గారి రోజులకి దిగాను. సంగీతం, సాహిత్యం, కాలేజీ. ఆ కాలపు దొర ఎవరైనా సరే, మా పిల్ల బీకాంకి విలువిస్తాడనుకున్నాను. వయసు దగ్గర కథ అడ్డం తిరిగింది. మహారాజా వారు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళకి జాబితా రాయించారు. ఆ లెక్క గురజాడ తన నాటకం పీఠికలో ఇచ్చారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో 99 మందికి ఐదేళ్ళు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు, ముగ్గురికి ఒక్క ఏడు. మా పిల్లకి ఇరవై ఏడు. ఆ రోజుల్లో దిగితే పెళ్ళిపీట మీద కాదు, పెళ్ళికూతురి అమ్మమ్మ వరసలో కూచోబెడతారు.

ఇదంతా చదివి వినిపిస్తే పిల్ల ఆవలించింది. "మూడేళ్ళు ఆ కోట గుమ్మంలోంచే కాలేజీకి వెళ్ళాను పెదనాన్నా. ఐడీ కార్డు అడిగిన వాచ్‌మన్ తప్ప ఎవడూ ఎదురు రాలేదు."

కత్తిపీట ముందు బెండకాయలు తరుగుతున్న మా ఆవిడ అప్పటికి తలెత్తింది.

"ఇంతకీ ఆ రోజుల్లో ఇచ్చేది మనమా, ఆళ్ళా?"

"వాళ్ళే మనకి. ఏడాది పిల్లకి 350 నుంచి 400 దాకా పలికిందిట."

చెయ్యి ఆగింది. కిందటి వారం వచ్చినవాళ్ళు అడిగిన నలభై లక్షలూ, కారూ మా ఇంట్లో ఇంకా ఎవరికీ అరగలేదు.

"సమచ్చరం ఏటన్నారూ?" అంది.