నొప్పి లేదంటే నోరు బాగున్నట్టు కాదు

మా అక్క కూతురికి 8 ఏళ్ళు. ఎడమ దవడ వాచి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, మూడో రోజు రాత్రంతా ఏడుస్తూనే ఉంటే పొద్దున్నే విశాఖలో డాబాగార్డెన్స్ వైపు ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. దారి పొడవునా అక్కది ఒకటే మాట, "పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోయేదే కదా అని ఊరుకున్నానురా" అని. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసి, ఇది పాలపన్ను కాదమ్మా, జీవితాంతం ఉండాల్సిన దవడ పన్ను, పుప్పి నరం దాకా దిగిపోయింది అని చెప్పేసరికి అక్క నోట మాట రాలేదు.

ఈ పొరపాటు మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. 6 ఏళ్ళప్పుడు పాలపళ్ళ వరస వెనక, చిట్టచివర, ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడ పళ్ళు వస్తాయి, పైన రెండు, కింద రెండు. ముందు పళ్ళయితే ఊడి మళ్ళీ వస్తాయి కాబట్టి ఇల్లంతా సంబరంగా చూస్తారు, వీటిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పైగా వీటి మీద గాడులు లోతుగా ఉంటాయి, పిల్లల చేతిలో బ్రష్ అంత వెనక్కి పోదు, మైదా బిస్కెట్ ముద్ద అక్కడే అతుక్కుని ఉండిపోతుంది. పన్ను వచ్చిన కొత్తలోనే ఆ గాడుల్ని సీలెంట్ అనే పల్చటి పూతతో మూసేయొచ్చు, నొప్పి ఉండదు, ఇంజక్షన్ ఉండదు. ఆ సంగతి తెలిసేసరికి మాకు ఆలస్యమైపోయింది.

నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. మనం నోటిని నొప్పితో కొలుస్తాం. నొప్పి లేకపోతే బాగున్నట్టు, ఉంటే డాక్టరు. కానీ ఎనామెల్ అనే పైపొరలో నరాలు లేవు, పుప్పి అక్కడ ఉన్నంతకాలం పంటికి ఏమీ తెలియదు. మనకి జివ్వుమనేసరికి అది లోపలి పొరలోకి దిగిపోయి ఉంటుంది. పోయిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. మొదట్లో వందల్లో అయిపోయే ఫిల్లింగు, రూట్ కెనాల్, క్యాప్ అంటూ వేలల్లోకి పోయేది అందుకే.

మా బావ స్టీల్‌ప్లాంట్‌లో చేస్తాడు. నైట్ షిఫ్ట్ అంటే ఐదారు టీలు, నిద్ర ఆపుకోవాలంటే తప్పదు అంటాడు, నిజమే. స్వీట్లు తినడు, అయినా 40 దాటకుండానే మూడు పళ్ళకి పుప్పి. నోట్లో ఉండే బ్యాక్టీరియా తీపిని తిని యాసిడ్ చేస్తుంది, ఆ యాసిడ్‌కి నోటి పీహెచ్ (యాసిడ్ పెరిగేకొద్దీ తగ్గే కొలత) దాదాపు 5.5 కంటే కిందికి పడితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, లాలాజలం దాన్ని మళ్ళీ మామూలుకి తేవడానికి అరగంట పైనే పడుతుంది. గంటకోసారి తీపి టీ గుటక వేస్తుంటే ఆ పళ్ళకి తేరుకునే టైమేది? ఎంత తీపి తిన్నామన్నది ఒక ఎత్తు, ఎన్నిసార్లు తిన్నామన్నది ఇంకో ఎత్తు. భోజనం అయిన వెంటనే మాడుగుల హల్వా తిని నీళ్ళు పుక్కిలిస్తే దానితో సరి. అదే హల్వా డబ్బా పక్కన పెట్టుకుని సాయంత్రం దాకా కొంచెం కొంచెం నోట్లో వేసుకుంటేనే పళ్ళకి చేటు.

ఇక రాత్రి బ్రష్. మన ఇళ్ళల్లో పళ్ళు తోముకోవడమంటే పాచి వదిలించుకోవడం. లేవగానే పాచి ముఖంతో కాఫీ కూడా తాగం, అంత పట్టింపు. ఆ పట్టింపు మంచిదే కానీ అసలు నష్టం జరిగేది రాత్రి పూట. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పన్నుని కాపాడే నీరే ఉండదు, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న అన్నం, కూర తెల్లవార్లూ బ్యాక్టీరియాకి మేత. రోజుకి రెండుసార్లు కుదరదు, ఒక్కసారే అంటే నేనైతే రాత్రిదే ఉంచుకోమంటాను. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండు నిమిషాలు, తర్వాత నురగ ఉమ్మేసి ఊరుకోవడం, గ్లాసుడు నీళ్ళతో పుక్కిలించేస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ కూడా పోతుంది. 3 ఏళ్ళ లోపు పిల్లలకి బియ్యపుగింజంత పేస్టు, 6 ఏళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు. టీవీ యాడ్‌లో చూపించినట్టు బ్రష్ నిండా వంపుగా వేయక్కర్లేదు.

వేపపుల్ల మంచిది కాదా అని అడుగుతారు. మా తాతగారు చివరిదాకా వేపపుల్లే, పళ్ళు గట్టిగానే ఉండేవి, కానీ ఆయన రోజుకి ఇన్నిసార్లు బిస్కెట్లు, కూల్‌డ్రింకులు తాగిన మనిషి కాదు. మన తిండి మారినప్పుడు రక్షణ కూడా మారాలి. బొగ్గు, కచ్చిక, ఉప్పు గట్టిగా రుద్దితే మాత్రం పన్ను అరిగిపోతుంది. ఆయుర్వేదం, మూలికలు అని రాసిన పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు, కొనేముందు పెట్టె వెనక చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టుని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన దగ్గర 2025 సెప్టెంబర్ 22 దాకా పేస్టు మీదా బ్రష్ మీదా 18 శాతం జీఎస్టీ వేశారు, ఆ రోజు నుంచే అది 5 శాతమైంది. ఎప్పుడో చేయాల్సిన పని.

చిగుళ్ళ జబ్బుదైతే ఇంకా నిశ్శబ్దం. ఉమ్మితే కాస్త రక్తం కనిపిస్తుంది, అంతే. అది చూసి భయపడి ఆ వైపు బ్రష్ పెట్టడం మానేస్తారు, పాచి పేరుకుని గారగా గట్టిపడుతుంది, గార కిందికి చిగురు జారుతుంది, ఎముక కరుగుతుంది. చివరికి ఒకరోజు నొప్పి లేకుండానే పన్ను ఊగుతుంది. స్కేలింగ్, అంటే గార గీకించడం, చేయిస్తే పళ్ళు వదులైపోతాయని మా అమ్మ పదేళ్ళు వెళ్ళలేదు. వదులు చేసేది గార, అది తీసేశాక ఆ సందు మనకి తెలుస్తుంది, అంతే తేడా. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. గర్భిణులకి హార్మోన్ల వల్ల చిగుళ్ళు వాచి రక్తం వస్తుంటుంది, ఈ టైములో పంటి డాక్టరు దగ్గరికి వద్దు అని ఇంట్లో పెద్దవాళ్ళు ఆపేస్తారు. ఆపొద్దు, గర్భంతో ఉన్నారని చెప్పి చూపించుకోవచ్చు.

పెద్ద వయసులో కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు రాత్రి వాటిని తీసి కడిగి నీళ్ళలో పెట్టాలి. బీపీ మందుల్లో కొన్నింటికి నోరు ఎండుతుంది, ఎండిన నోట్లో మిగిలిన నాలుగు పళ్ళూ వేర్ల దగ్గర పుచ్చుతాయి.

విశాఖలో ఉండి నోటి గురించి రాస్తూ అడ్డపొగ మాట ఎత్తకుండా ఎలా వదిలేస్తాం? చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు, ఇక్కడి నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంబడి ఊళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో తరాలుగా ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలికి వచ్చే క్యాన్సర్ మిగతా చోట్ల అరుదు, కోస్తా ఆంధ్రలో అది ఎక్కువగా కనిపించడానికి అడ్డపొగే కారణమని దశాబ్దాల నుంచే వైద్య పత్రికల్లో రాస్తున్నారు. 30 దాటినవాళ్ళకి బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మా వీధికి వచ్చినవాళ్ళు బీపీ పట్టీ కట్టారు, వేలికి సూది గుచ్చారు, ఎవరి నోరూ తెరవమని అడగలేదు. టార్చిలైటు, రెండు నిమిషాలు, అంతకంటే ఏం కావాలి?

మాకు చేపలు తెచ్చే ఆవిడది జాలారిపేట, 60 దాటి ఉంటాయి. ఒకరోజు వంజరాలు తూస్తూ పులుసు కారం తగిలితే నోరు మండుతోందని అంది. అమ్మ పట్టుబట్టి, "అప్పా, ఒక్కసారి నోరు తెరు" అని ఫోన్ లైటు వేసి చూసింది. అంగిలంతా తెల్లగా, పెట్లినట్టు, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. "మామూలప్పుడు నొప్పి నేదమ్మా, నొప్పొస్తే నాను సెప్పనా?" అంది ఆవిడ. ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి నేనే తీసుకెళ్ళాను, ఓపీ చీటీ, లైను, ముక్క తీసి పరీక్షకి పంపడం. ఇంకా క్యాన్సర్ కాలేదు, చుట్ట ఈ రోజే మానేయాలి, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి అన్నారు.

మొదటి నెల ఆవిడ పడ్డ అవస్థ మేమే చూశాం. ఇప్పటికి ఏడు నెలలైంది. వారానికి రెండుసార్లు వస్తుంది, బేసిన్ మెట్ల మీద దించి, చేతులు కొంగుకి తుడుచుకుని, బేరం మొదలుపెట్టకముందే మెడ వెనక్కి వాల్చి నోరు తెరుస్తుంది. అమ్మ ఫోన్ లైటు వేసి చూస్తుంది.