సవరణ: మెరాపి కింద ఊరిని కాల్చింది లావా కాదు

జావా దీవిలో మెరాపి అగ్నిపర్వతం కింద ఉన్న కినహ్రెజో ఊరి గురించి మొన్న రాసినదాంట్లో తప్పులు దొర్లాయి. 2010 అక్టోబర్ 26న ఆ ఊరు 'లావాలో మునిగిపోయింది' అన్నాను. అది తప్పు. లావా మెల్లగా పాకుతుంది, చాలాసార్లు నడిచి కూడా తప్పించుకోవచ్చు. ఆ ఊరి మీద పడింది వేడి వాయువు, బూడిద, రాళ్లు కలిసిన మేఘం. వందల డిగ్రీల వేడితో, గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో వాలు వెంట దిగుతుంది. బైకు మీద పారిపోయినా అందుకుంటుంది.

అక్కడివాళ్లు దాన్ని 'వెదుస్ గెంబెల్' అంటారు. నేను 'జడల మేక' అని రాశాను. ఉన్ని చుట్టలు తిరిగిన గొర్రె అనాలి. ఫొటోలో ఆ మేఘం చూస్తే పేరు ఎందుకొచ్చిందో అడగక్కర్లేదు.

ఇంకోటి. ఆ రోజు చనిపోయిన మ్బా మరిజాన్‌ను 'పూజారి' అన్నాను. ఆయన కొండకు కాపరి. 1982లో యోగ్యకర్త సుల్తాను తొమ్మిదో హమెంకుబువోనో నియమించారు. 'మ్బా' అంటే తాత. ఏటా రాజప్రాసాదం నుంచి వచ్చే కానుకలను కొండకు సమర్పించే తంతు ఆయనే నడిపేవారు కాబట్టి అలా పొరబడ్డాను. ముస్లిం, నమాజు తప్పని మనిషి.

'ఊరంతా కదలనంది' అన్నది మరీ పెద్ద తప్పు. చాలామంది ముందే దిగిపోయారు. పశువులకు మేత వేయాలని మళ్లీ పైకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. పాడి ఉన్న ఇంట్లో పెరిగి ఆ మాట ఎలా రాశానో!