గ్రీసు జనాన్ని సోమరులు అనేయకండి

గ్రీసు వాళ్లు అప్పు చేసి పప్పు కూడు తిన్నారు, అందుకే అప్పుల్లో మునిగిపోయారు అని మీ ఆర్టికల్‌లో తేల్చేశారు, అది సగమే నిజమండి. లెక్కలు దాచింది ప్రభుత్వం, 2009లో అసలు బడ్జెట్ లోటు బయటపడ్డాక అప్పుల మీద వడ్డీలు ఎగబాకాయి, అప్పుడు తమ పాత సొంత కరెన్సీ డ్రాక్మా ఉండుంటే దాని విలువ తగ్గించుకుని టూరిజం, ఎగుమతుల మీద కొంతైనా నెట్టుకొచ్చేవాళ్లు, కానీ 2001లోనే ఉమ్మడి కరెన్సీ యూరోలో చేరిపోయారు కదా, దాని విలువ సొంతంగా తగ్గించుకోలేరు, ఇక మిగిలింది జీతాలు, పెన్షన్లు కోయడమే. 2013లో నిరుద్యోగం 27 శాతం! 2015లో ఏటీఎంలో రోజుకి 60 యూరోలే, పెన్షన్ కోసం ముసలాళ్లు బ్యాంకుల ముందు పడిగాపులు పడ్డ ఫొటోలు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. పైగా సాయం పేరుతో ఇచ్చిన లోన్లలో చాలా భాగం పాత అప్పులు తీర్చడానికి, బ్యాంకులని నిలబెట్టడానికే పోయింది, ఆ సంగతి కూడా రాయాల్సింది మీరు.