‘కంప్లీట్’, ‘ఫినిష్డ్’ ఒకటేనంటారా?

ఫోన్లలో తిరిగి తిరిగి వచ్చే పాత సందేశం ఇది. ‘కంప్లీట్’కూ ‘ఫినిష్డ్’కూ తేడా ఏమిటో ఏ నిఘంటువూ చెప్పలేకపోయిందట. లండన్‌లో భాషా పండితుల సమక్షంలో జరిగిన పోటీలో ఒకాయన లేచి ఇలా తేల్చేశాడట: తగిన స్త్రీని పెళ్లాడితే నువ్వు కంప్లీట్, తగని స్త్రీని పెళ్లాడితే ఫినిష్డ్, తగని ఆమెతో ఉండగా తగిన ఆమెకు దొరికిపోతే కంప్లీట్‌లీ ఫినిష్డ్. ఇక సభంతా చప్పట్లే. నవ్వుకుని వదిలేస్తే పేచీ లేదు. దీన్ని ఇంగ్లీషు పాఠంగా పంచుతున్నారు, అదే చిక్కు.

ముందు ఆ పోటీ సంగతి. ఏ సంవత్సరంలో జరిగిందో, ఎవరు నిర్వహించారో సందేశంలో ఉండదు. చప్పట్లు ఎంతసేపు మోగాయన్నది మాత్రం పంపేవారి ఉత్సాహాన్ని బట్టి పెరుగుతూ ఉంటుంది. దీని మీద ఇంతకు మించి కాలం వృథా చేయను.

నిఘంటువులు చేతులెత్తేశాయన్నది రెండో మాట. 1755లో శామ్యూల్ జాన్సన్, 1828లో నోవా వెబ్‌స్టర్ వెలువరించిన నిఘంటువుల్లోనే రెండు మాటలకూ అర్థాలున్నాయి. అసలు పుట్టుకలోనే ఇవి వేరు. రెండూ లాటిన్ నుంచి వచ్చినవే అయినా, కంప్లీట్ మూలానికి అర్థం ‘నింపడం’, ఫినిష్ మూలానికి అర్థం ‘అంతం, హద్దు’. ఆ నింపే ధాతువూ, మన ‘పూర్ణం’, ‘పూర్తి’ అనే మాటల ధాతువూ ఒకే ప్రాచీన మూలానికి చెందినవి. అందుకే కంప్లీట్ అన్నప్పుడు లోటేమైనా ఉందా అని చూస్తాం. ఫినిష్డ్ అన్నప్పుడు పని ముగిసిందా అని చూస్తాం.

చదరంగం పెట్టె తెరవండి. 32 పావులుండాలి. నున్నగా చెక్కి, మెరుగు పెట్టిన సెట్టే, కాని ఒక బంటు ఎక్కడో పడిపోయింది. అది ఇన్‌కంప్లీట్. అన్‌ఫినిష్డ్ అంటే వడ్రంగి ఒప్పుకోడు, తన పని ఎప్పుడో అయిపోయింది మరి. ఇంకో పెట్టెలో 32 పావులూ ఉన్నాయి, గుర్రాలకు మాత్రం ఇంకా చెవులు చెక్కలేదు, గరుకు పోలేదు. లెక్కకు అది కంప్లీట్, పనితనానికి అన్‌ఫినిష్డ్. ఆస్ట్రియా సంగీతకర్త షూబర్ట్ 1822లో మొదలుపెట్టి రెండు భాగాలు పూర్తిచేసి వదిలేసిన సింఫనీని (వాద్యబృందం కోసం రాసే పెద్ద సంగీత రచనను) ఇంగ్లీషులో ‘అన్‌ఫినిష్డ్’ అనే పిలుస్తారు. అతని సమగ్ర రచనల సంపుటాలను ‘కంప్లీట్ వర్క్స్’ అంటారు. ఆ ముగియని సింఫనీ అందులో చేరకపోతే సంపుటాలు కంప్లీట్ కావు!

రెండూ కలిసిపోయే చోటు లేదా అంటే, ఉంది. పని, నివేదిక, చదువు ముగించామని చెప్పడానికి క్రియగా ఏది వాడినా దాదాపు ఒకటే. కంప్లీట్ కాస్త లాంఛనంగా వినిపిస్తుంది. ఆ సందేశం నమ్మేలా ఉండటానికి కారణమూ ఇదే. అయినా అక్కడ కూడా మెలిక ఉంది. తినడం అయిందని చెప్పాలంటే ‘ఈటింగ్’ ముందు ఫినిష్ పెడతారు. కంప్లీట్ పెడితే చెవికి ఎబ్బెట్టు. దరఖాస్తు ఫారాన్ని కంప్లీట్ చేయమంటే ఖాళీలు నింపమని అర్థం. చూశారా, ఆ పాత ‘నింపడం’ ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

ఇక ఆ జోకు. మనిషిని ఫినిష్డ్ అంటే ‘పని అయిపోయింది, నాశనమయ్యాడు’ అని. కంప్లీట్ అంటే వెలితి లేనివాడు. రెండూ ఒకటే అయితే ఆ సభలో ఎవరూ నవ్వి ఉండేవారు కాదు. చివరి మాటలోని ‘కంప్లీట్‌లీ’ అయితే ‘బొత్తిగా’ అనే అర్థంలో వచ్చింది. దాన్నే తిరగేసి ‘ఫినిష్డ్‌లీ కంప్లీట్’ అనమనండి, ఆ పండితులు ఎన్ని చప్పట్లు కొడతారో చూద్దాం.