తాబేళ్ల మీద రెండు వందల పేజీలు కావాలి

ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే ఒడ్డుకొచ్చే తాబేళ్ల మీద తెలుగులో ఒక పూర్తి పుస్తకం వేయమని ఒక ప్రచురణకర్తను అడిగాను. "టాపిక్ మరీ చిన్నదండీ, ఎవరు కొంటారు?" అన్నారు. ఈ మాట ఎన్ని చోట్ల విన్నానో! కవితా సంపుటాలు మూడు వందల కాపీలు వేసుకుంటున్నాం, మంచిదే. అదే మూడు వందల కాపీలు ఒక తాబేలు మీదో, ఒక కొండదారి మీదో, పావురాల పెంపకం మీదో వేస్తే డబ్బు దండగ ఎలా అవుతుంది?

టాపిక్ చిన్నదట. మా బరంపురం నుంచి గంట ప్రయాణం చేస్తే రుషికుల్య సముద్రంలో కలిసే చోటు వస్తుంది. 2025 ఫిబ్రవరిలో కొద్ది రోజుల్లోనే అక్కడ దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఒక్కోటి ఇంచుమించు వంద గుడ్లు. తల్లి వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా వేసి అణిచి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లల్ని మళ్లీ చూడదు. సుమారు 45 నుంచి 55 రోజులకు అవి బయటికొస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ, తక్కువైతే మగవి ఎక్కువ. రాత్రి పూట పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి కాబట్టి, ఒడ్డున వీధి దీపం వెలిగితే సముద్రం అటే ఉందనుకుని రోడ్డెక్కి చస్తాయి. గుడ్లు పెట్టే రోజుల్లో ట్రాలర్ వలలో పడిన పెద్ద తాబేలు ఊపిరికి పైకి రాలేక నీళ్లలోనే చనిపోతుంది. అందుకే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ప్రాంతంలో చేపల వేటకు నిషేధం. ఆ ఏడు నెలలు మత్స్యకారుల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా ఆ పుస్తకంలో ఉండాలి. ఇన్ని సంగతులు రెండు వందల పేజీల్లో పడతాయా అని నాకు అనుమానం!

పైగా ఆ ఒడ్డున ఉన్నదెవరు? పొడంపేట వెళ్లండి, తెలుగు వినిపిస్తుంది. సముద్రం కోసేస్తుంటే ఇళ్లు వదిలి వెనక్కి జరిగిన ఊరు అది. శాస్త్రవేత్తలు ఈ తీరాన్ని 1994లో గుర్తించారు. అక్కడే పుట్టి పెరిగిన వాళ్లకు అది కొత్త సంగతి కాదు. "దక్షిణం గాలి పడితే ఎక్కుతాయి బాబూ" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన అన్నది తెలుగులో. ఆ మాట అచ్చులో ఎక్కడుంది?

ఇంకో విషయం చెప్తే మీకు ఒళ్లు మండుతుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపలు సేకరించి, బొమ్మలు వేయించి, రెండు వందల చేపల మీద లండన్‌లో పుస్తకం అచ్చు వేయించాడు. అది 1803లో. చేపల పేర్లు మన జాలర్లు చెప్పినవే, తెలుగు పేర్లే. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడి పిల్లవాడు కవ్వలు, కానాగడతలు, చందువాలు ఏవో గుర్తుపట్టడానికి బొమ్మలతో మంచి తెలుగు పుస్తకం అడిగితే నేను ఏది ఇవ్వాలి? షాపులో "జంతు ప్రపంచం" అని అమ్ముతారు. తెరిస్తే పెంగ్విను, జిరాఫీ, కంగారూ. మన పక్కనే చిలికాలో బర్కుడ దీవిలో కాళ్లు లేని నలికిరి ఉంది, 1917లో జంతుశాస్త్రవేత్త అనాండేల్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఏ పిల్లల పుస్తకంలోనూ నేను దాన్ని చూడలేదు.

జంతువులే కాదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు 1931కి గుణుపురం దాకా వెళ్లింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. ఆ ఇంజిన్లు, స్టేషన్లు, నడిపిన మనుషుల గురించి పట్టించుకునే రైలు పిచ్చోళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ల డబ్బాల్లో టికెట్లు, ఫొటోలు ఉన్నాయి. పెద్దవాళ్లు పోతున్నారు, డబ్బాలు చెత్తలోకి పోతున్నాయి. కొండల సంగతీ అంతే. మహేంద్రగిరి కొండ ఎత్తు 1501 మీటర్లు. శివరాత్రికి ఆంధ్ర నుంచి కూడా జనం ఎక్కుతారు. ఏ దారిన ఎక్కాలి, నీళ్లెక్కడ దొరుకుతాయి, ఏ నెలలో పొగమంచు కమ్ముతుంది అని చెప్పే చిన్న తెలుగు పుస్తకం ఒకటుంటే బ్యాగులో పెట్టుకోరా?

అదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకున్నారు. దశాబ్దాలు దానికే పెట్టారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం మద్రాసులో అచ్చయింది. సవర వ్యాకరణం ఎంతమంది కొంటారని లెక్క వేసుంటే ఆ పుస్తకం పుట్టేదే కాదు. ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, ఫొటోకి దండలు వేసే సంస్థలు ఈ సంగతి కూడా తలచుకోవాలి.

మా జిల్లాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లిష్ చదువుతారు. తెలుగు అక్షరాలు నేర్చుకో అంటే "ఎందుకు?" అంటారు. వాళ్ల ఒడ్డున తాబేలు గురించి, వాళ్ల తాత లాగిన అలివి వల గురించి తెలుగులో పుస్తకం ఉంటే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంటుంది.

గంజాం, గజపతి, రాయగడల్లో ఉన్నవాళ్లకు నా మనవి. మీ ఇంట్లో చేపల వేట, రైలు, కొండలు, పాములు, పక్షులు ఏ ఒక్కటి బాగా తెలిసిన మనిషున్నా ఫోన్‌లో రికార్డు చేయండి, నాకు చెప్పండి. రాసిపెట్టడానికి నేను వస్తాను. వేసే ప్రచురణకర్త ఎవరైనా ముందుకొస్తే మొదటి యాభై కాపీల డబ్బు ముందే కడతాను.