కర్ణుణ్ణి కడిగి కడిగి పలచన చేశారు

ప్రభాస్‌ను కర్ణుడిగా చూపించిన కల్కి సినిమా వచ్చినకాడి నుంచి కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని ఒకటే గొడవ. వాదించేవాళ్లు తెచ్చే సాక్ష్యాలేమో సగానికి సగం సినిమా డైలాగులు. భారతం తెరిచి చూడండప్పా, అందులో కర్ణుడు వేరే మనిషి.

1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూర కర్ణ మీద నాకు పేచీ లేదు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ ఎన్టీఆరే కట్టి, దర్శకత్వమూ తనే చేశాడు. కొండవీటి వెంకటకవి మాటలు ఇప్పటికీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లున్నారు. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి కులమడిగి నోరు నొక్కడం, దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యం కట్టబెట్టడం నన్నయలోనూ ఉన్నాయి. కానీ హాలు నుంచి బయటికొచ్చినవాడికి ఆ అవమానం, దానం, చావు, ఈ మూడే మిగులుతాయి. మిగతా కర్ణుడు ఏమైనట్టు?

సభాపర్వం చూడండి. ద్రౌపదిని గెలవడం చెల్లదని దుర్యోధనుడి సొంత తమ్ముడు వికర్ణుడే లేచి చెప్తే, అతని నోరు మూయించింది కర్ణుడు. ద్రౌపదిని అనరాని మాట అని, వలువలు ఒలవమన్నదీ కర్ణుడే. అడవిలో ఉన్న పాండవుల ముందు దర్పం చూపడానికి కౌరవులు వెళ్లిన ఘోషయాత్రలో గంధర్వుల దెబ్బకు తప్పుకున్నాడు, దుర్యోధనుణ్ణి విడిపించింది పాండవులు. అభిమన్యుడి విల్లు తెగ్గొట్టిన చెయ్యీ అదే.

కవచకుండలాల సంగతీ అంతే. అది అరణ్యపర్వంలో ఎర్రన పూరించిన భాగం. సూర్యుడు కలలో ముందే హెచ్చరిస్తాడు, ఇవ్వక తప్పదంటే బదులుగా ఇంద్రుణ్ణి శక్తి అనే ఆయుధం అడగమంటాడు. కర్ణుడు అడిగే తీసుకున్నాడు. ఒక్కసారికే పనికొచ్చే ఆయుధం. అర్జునుడి కోసం దాచుకుంటే 14వ రోజు రాత్రి ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. ఇది చెప్తే దానం విలువ తగ్గుతుందని ఎందుకంత భయమో!

ఇక చావు. కృష్ణుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి పుణ్యం ధారపోయమనడం తమిళ విల్లి భారతంలోది. 1964లో శివాజీ గణేశన్ కర్ణన్‌లో చూపించారు, అందులోనూ కృష్ణుడు ఎన్టీఆరే. వ్యాసుడి కర్ణపర్వంలో అర్జునుడి బాణానికి తల తెగి పడుతుంది. ధారపోసే వ్యవధి ఏదీ?

మా చిత్తూరు పక్క ధర్మరాజుల గుళ్లలో భారతం జరిపేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కర్ణుడు పడిపోయే రాత్రి జనం ఏడుస్తారు. ఏడ్చినా, పేరు ధర్మరాజుదే గానీ ఆ గుడి ద్రౌపదమ్మది. నేలమీద మట్టితో పరిచిన దుర్యోధనుడి తొడ భీముడు పగలగొట్టాకే ద్రౌపది వేషం జుట్టు ముడేస్తుంది. ఆ జుట్టు ఎందుకు విరబోసుకుందో ఊళ్లో పిల్లకాయలకు కూడా తెలుసు. సభలో కర్ణుడు అన్నది మింగేసి అక్కడ నాటకం ఆడలేరు.

కర్ణుడు నిజంగా ఎదిగే చోటు ఉద్యోగపర్వం. కృష్ణుడు పుట్టుక చెప్పి, పెద్దవాడివి, సింహాసనం నీదే అంటాడు. ధర్మరాజుకు చెప్పొద్దంటాడు కర్ణుడు, తెలిస్తే రాజ్యం నాకిస్తాడు, నేను దుర్యోధనుడికి ఇచ్చేస్తానని. ఓడేది తమ పక్షమేనని తెలిసే ఆ మాటన్నాడు. వ్యాసుడైతే ఇంకొకటి పలికించాడు. దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులను పరుషంగా అన్నానే అని ఇప్పుడు కుమిలిపోతున్నానంటాడు. ఏ తప్పూ చెయ్యని సినిమా కర్ణుడి నోట ఈ మాట ఎట్లా పెడతారు?

టీటీడీ వేసిన కవిత్రయ భారతంలో టీకా తాత్పర్యాలూ ఉన్నాయి, పద్యం తెలియకపోయినా నడుస్తుంది. ముందు సభాపర్వం చదవండి, ఉద్యోగపర్వం తర్వాత. వరస తిప్పితే మళ్లీ సినిమా కర్ణుడే కనిపిస్తాడు.